తాతల నాటి కొట్టును కాపాడడమంటే దేనిని కాపాడడం?

గల్లాపెట్టె (రాజమహేంద్రవరం):

సభ్యులందరికీ నమస్కారం. మా కొట్టు విషయమై మీ సలహా కోరుతూ ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మెయిన్ రోడ్డు నుంచి గోదావరి వైపు దిగే సందుల్లో ఒకదానిలో మా తాతగారు పెట్టిన మూలికల కొట్టు ఉంది. పచారీ సరుకు కొంత ఉంటుంది. మిగిలినదంతా వైద్యానికి పనికివచ్చే వేళ్లు, బెరళ్లు, గింజలు. మా నాన్నగారికి 78 ఏళ్లు. ఇప్పటికీ ఉదయం 9 గంటలకు ఆయనే తలుపు తీస్తారు. ఇంటి యజమాని గారు కాలం చేసిన తరువాత, వారి కుమారులు ఆ పెంకుటిల్లు పడగొట్టి నాలుగు అంతస్తులు కట్టదలిచారు. దసరాలోపు ఖాళీ చేయమని ఎంతో మర్యాదగానే చెప్పారు. వారి మీద నాకు కోపం లేదు. మేము ఇస్తున్న అద్దెతో ఏటా ఆ ఇంటి పెంకులు నేయించడం కూడా కుదరదు.

కొట్టులో ఎడమ గోడ పొడవునా టేకు చట్రంలో 84 సొరుగులున్నాయి. ఏడు వరుసలు, వరుసకు పన్నెండు. ఒక్కొక్క దాని మీద అట్టముక్క అంటించి మా తాతగారు నల్ల సిరాతో పేర్లు రాశారు: పిప్పళ్లు, మోడి, అతిమధురం, దుంపరాష్ట్రం, కరక్కాయ, వస. సగానికి పైగా అక్షరాలు చెరిగిపోయాయి గాని, నాన్నగారు వచ్చినవారితో మాట్లాడుతూనే, అటు చూడకుండానే సరైన సొరుగులో చెయ్యి పెడతారు. బాలింత కాయానికి ఏ దినుసు ఎంత కావాలో ఇప్పటికీ తులాల్లోనే చెప్పి, గ్రాముల కాటాలో తూస్తారు.

ఇటువంటి కొట్లను వారసత్వంగా గుర్తించే పద్ధతి మన దగ్గర ఏదైనా ఉందా? ఉంటే దానివల్ల కొట్టు నిలుస్తుందా, లేక గోడకు కొట్టిన ఫలకం మాత్రమే మిగులుతుందా?

వకాల్తా (హైదరాబాద్):

గల్లాపెట్టె గారూ, అప్రియమైనా సూటి జవాబు ముందుగా చెబుతాను. మన చట్టాలకు వారసత్వమంటే కట్టడమే. హైదరాబాద్ సంగతే చూడండి. 1981 నాటి పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన నగరంలోని పాత భవనాలకు, పెద్ద రాతి గుట్టలకు రక్షణగా ఉండేది. 2015లో దానిని తొలగించారు. తరువాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ భవనాన్ని పడగొట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. ఇన్ని మలుపుల్లోనూ వాదోపవాదాలు గోడల గురించే జరిగాయి. ఆ గోడల మధ్య కూర్చుని ఎవరు ఏ పని చేస్తున్నారన్న ప్రశ్న ఎక్కడా ప్రధానం కాలేదు.

పత్తర్‌గట్టీ దీనికి మంచి ఉదాహరణ. 1908 మూసీ వరదల తరువాత నగరాన్ని తీర్చిదిద్దడానికి 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఆ రాతి కమానుల బజారును కట్టించింది. కమాను విరిగితే దాని గురించి రాసేవారుంటారు. ఆ కమాను కింద మూడు తరాలుగా అత్తరు అమ్ముతున్న కుటుంబం మలిగీ (దుకాణపు గది) వదులుకుని, అక్కడ మొబైల్ తొడుగుల దుకాణం వెలిస్తే మాత్రం, రాయి చెక్కుచెదరలేదు కాబట్టి, వారసత్వం క్షేమంగానే ఉన్నట్లు లెక్క.

ఇక అద్దె సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టాన్ని 2005లో సవరించినప్పుడు, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3500 రూపాయలు, మిగతా చోట్ల 2000 రూపాయలు దాటిన అద్దె గల భవనాలను దాని పరిధి నుంచి తప్పించారు. అంటే ఒక మోస్తరు వ్యాపార వీధిలోని దుకాణాలకు ఆ చట్టం అప్పటినుంచే అక్కరకు రాకుండా పోయింది. పైగా పాత కొట్లలో చాలా వాటికి కాగితమే ఉండదు. తాతగారి కాలంలో ఇచ్చిన నోటిమాట మీద బండి నడుస్తూ ఉంటుంది. ఏడాదికి మించిన లీజు ఏదైనా రిజిస్టరు కావలసిందే. అలా కాని కాగితం చేతిలో ఉన్నా కోర్టులో దాని బలం అంతంత మాత్రం. కాబట్టి వారసత్వ గుర్తింపు కన్నా ముందు, కట్టబోయే భవనంలో నేల అంతస్తులో మీకు ఒక గది ఇచ్చేలా యజమానులతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవడం మీద దృష్టి పెట్టండి.

బే ఒడ్డు (శాన్ ఫ్రాన్సిస్కో):

నేను పుట్టింది తణుకులో. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. మీరు అడిగిన పద్ధతి ఈ నగరంలో ఉంది కాబట్టి, అది ఎంతవరకు పనిచేస్తుందో చూసినంత మేరకు చెబుతాను.

2015లో నగర పాలక మండలి పాత వ్యాపారాల కోసం ఒక నమోదు పుస్తకం తెరిచింది. అదే ఏడాది నవంబరులో ఓటర్లు వాటికోసం ఒక నిధిని కూడా ఆమోదించారు. వ్యాపారానికి 30 ఏళ్లు నిండి ఉండాలి. ఖాళీ చేయవలసి వచ్చే ప్రమాదం తీవ్రంగా ఉంటే 20 ఏళ్లు దాటినా పరిశీలిస్తారు. మేయరు గాని, పాలక మండలి సభ్యులు గాని పేరు ప్రతిపాదించాలి. ఆ పేట చరిత్రకు, అక్కడివారి గుర్తింపుకు ఆ వ్యాపారం ఏమి చేసిందో చూపాలి. వీటన్నిటికన్నా నాకు నచ్చినది చివరి షరతు: ఆ వ్యాపారానికి గుర్తింపు తెచ్చిన పనితీరును, సంప్రదాయాన్ని కొనసాగిస్తామని యజమాని ఒప్పుకోవాలి. బోర్డు ఉంచి లోపల వేరే సరుకు అమ్ముతామంటే కుదరదు.

నిధి ఏర్పడినప్పటి ఏర్పాటులో ఇంకొక తెలివి ఉంది. వ్యాపారికి పూర్తికాలపు ఉద్యోగి ఒక్కరికి ఏడాదికి 500 డాలర్ల వరకు ఇవ్వడంతో ఆగలేదు. అటువంటి వ్యాపారికి పదేళ్లకు తగ్గకుండా లీజు ఇచ్చిన ఇంటి యజమానికి చదరపు అడుగుకు 4.50 డాలర్ల వరకు ఇస్తామన్నారు. అద్దెకు ఇచ్చేవాడిని దోషిగా నిలబెట్టకుండా భాగస్వామిని చేశారు. దీనికి ఒక కారణం ఉంది. కాలిఫోర్నియాలో 1987 నుంచి ఉన్న ఒక రాష్ట్ర చట్టం ప్రకారం వాణిజ్య భవనాల అద్దెలకు ఏ నగరమూ పరిమితి విధించకూడదు. అదుపు చేసే అధికారం లేనప్పుడు ఆశ చూపడమొక్కటే మార్గం.

దీనివల్ల అన్నీ నిలిచాయా అంటే, లేదు. మా వీధి మలుపులో రెండు తరాల ఇనుప సామాను దుకాణం ఒకటి ఉండేది. ఒక్క మర మేకు అడిగినా పెద్దాయన నిచ్చెనెక్కి సరిగ్గా అదే డబ్బా దింపేవారు. పిల్లలకు ఆసక్తి లేక మూసేశారు. ఏ నిధీ ఆ నిచ్చెన ఎక్కించే మనిషిని తెచ్చి పెట్టలేదు.

ముక్కుసూటి (గుంటూరు):

అందరూ అద్దెల గురించి, చట్టాల గురించి మాట్లాడుతున్నారు. ఒక అమర్యాదకరమైన ప్రశ్న అడుగుతాను, మన్నించండి. ఈ చర్చ చదువుతున్నవారిలో ఎందరు గత ఏడాదిలో ఇటువంటి కొట్టుకు నడిచి వెళ్లి సరుకు కొన్నారు? త్రిఫల చూర్ణం ఇంటికి తెప్పించుకుని, మూలికల కొట్టు మూతపడుతున్నదని బాధపడడం ఎంతవరకు న్యాయం? కొనేవారు లేని కొట్టును ప్రభుత్వ సొమ్ముతో నిలబెడితే అది కొట్టు కాదు, ప్రదర్శనశాల.

పాత మలిగీ (హైదరాబాద్):

ముక్కుసూటి గారి ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ గిరాకీ లేక పోయేవి కొన్ని, గిరాకీ ఉండగానే పోయేవి కొన్ని. నేను పెరిగింది చార్మినారుకు కూతవేటు దూరంలో. ఆ పరిసరాల్లో ఈ రెండు రకాలనూ చూశాను.

లాడ్‌బజార్ లక్క గాజులకు గిరాకీ తగ్గలేదు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బజారు వెనుక ఇరుకు గదుల్లో పని చూడాలి. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దను మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, రెండు కొసలను వేడి మీదనే అతికిస్తారు. మళ్లీ కాస్త సెగ చూపి, అది చల్లారేలోపు ఒక్కొక్క రాయిని సన్నని పనిముట్టుతో అందులో కూర్చాలి. చెయ్యి తొందరపడితే రాయి లక్కలో మునిగిపోతుంది, ఆలస్యమైతే అంటుకోదు. ఆ పనివారికి వచ్చిన ఇబ్బంది గిరాకీ లేకపోవడం కాదు. బజారులో మలిగీ అద్దె గాజు ధరకన్నా వేగంగా పెరగడం, కుంపటి పొగను చుట్టుపక్కలవారు భరించలేకపోవడం.

వెండి వర్క్, అంటే మిఠాయిల మీద అద్దే వెండి రేకు, దాని కథ వేరు. చిన్నప్పుడు ఆ గల్లీలో నడుస్తుంటే సుత్తి దెబ్బల చప్పుడే దారి చూపేది. తోలు పొరలతో కుట్టిన పుస్తకంలాంటి దానిలో వెండి ముక్కలు పెట్టి గంటల తరబడి కొట్టి, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చని రేకు తీసేవారు. ఆ పొరలు పశువుల తోలుతో, పేగులతో చేసినవి. 2016లో ఆహార భద్రతా సంస్థ, వర్క్ తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధమైన పదార్థం వాడకూడదని నిబంధన తెచ్చింది. శాకాహారుల కోణం నుంచి అది సమంజసమైన నియమమే, నేను తప్పుపట్టను. అయితే ఆ నియమం ఒక పనిముట్టును తీసివేసినప్పుడు, దానితోపాటు ఒక చేతిపనీ తొలగిపోయింది. ఆ చేతులకు వేరే పరికరం అలవాటు చేసే బాధ్యత ఎవరిదన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

ఇరానీ హోటళ్ల గురించి వేరే చెప్పాలా? మూల మలిగీ అచ్చిరాదని ఇతర వ్యాపారులు వదిలేస్తే ఇరానీలు తీసుకున్నారని నగరంలో ఒక మాట ఉంది. నిజమెంతో గాని, ఆ మూల స్థలాలే తరువాత బంగారమయ్యాయి. చాయ్ ఒక కప్పుకు గంటసేపు కూర్చోనిచ్చే వ్యాపారం, ఆ స్థలం విలువతో పోటీ పడలేదు. 2019లో యునెస్కో హైదరాబాదును ఆహార కళల నగరంగా తన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. మనం గర్వించాము. ఆ కూర్చునే గంట మాత్రం ఆ జాబితాలో లేదు.

ఇప్పుడు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం కోసం ఆస్తులు సేకరిస్తున్నారు. మెట్రో వద్దని నేననను. మా వాళ్లకూ ఆఫీసులకు వెళ్లాలని ఉంటుంది. కానీ నష్టపరిహారం గజాల లెక్కన కడతారు. "ఫలానా నాన్ దుకాణం పక్క గల్లీ" అని నాలుగు తరాలుగా దారి చెప్పుకుంటున్న పేరుకు గజాలుండవు.

పూతరేకు (కోనసీమ):

అందరి మాటలూ చదివాను. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తవలసి వస్తున్నది. "కుటుంబ వ్యాపారం" అన్న మాట వినడానికి చల్లగా ఉంటుంది. కుటుంబంలో ఎవరు?

మా వైపు ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్డుల మీద మగవారి పేర్లు, ఇంటిపేర్లు. రేకు తీసేది మాత్రం ఆడవారు. కింద మంట వేసిన గూనలాంటి కుండను బోర్లించి, పల్చని బియ్యపు పిండి నీళ్లలో ముంచిన గుడ్డను దాని వెలుపలి మీద ఒక్క విసురున పరచి తీస్తారు. రేకు క్షణంలో ఆరి లేస్తుంది. పొగలో, సెగలో కూర్చుని రోజుకు కొన్ని వందల రేకులు తీసిన చేతికి కూలి రేకుల లెక్కన ముడుతుంది. నా మేనత్త తన జీవితమంతా ఆ పనిలోనే గడిపింది. ఆమె పేరు ఏ పెట్టె మీదా లేదు. వారసత్వమని ఫలకం కొడితే అది పొయ్యి దగ్గర కొడతారా, గల్లాపెట్టె పైన కొడతారా?

పాత కొట్లలో గుమాస్తాల సంగతీ అంతే. ముప్పై ఏళ్లు ఒకే కొట్టులో పనిచేసి, సరుకు గురించి యజమాని కొడుకుకన్నా ఎక్కువ తెలిసిన మనిషి, కొట్టు అమ్ముడుపోయిన రోజున ఒక పండుగ బట్టలజతతో ఇంటికి వెళతాడు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఏ కులంవారు ఏ వ్యాపారం చేయాలో నిర్ణయమై ఉన్న రోజుల్లో పుట్టినవి ఈ కొట్లు. రహస్యం ఇంటి గడప దాటకుండా చూసుకోవడమే సంప్రదాయమైతే, ఆ రహస్యం చచ్చిపోవడానికి తొలి కారణం ఆ గడపే.

గల్లాపెట్టె గారిని నొప్పించాలని కాదు. మీ కొట్టులో గుమాస్తా ఉన్నారా?

ఆవర్జా (విజయవాడ):

నలభై ఏళ్లు వ్యాపారుల లెక్కలు చూసిన అనుభవంతో రెండు విషయాలు చెప్పదలిచాను. మొదటిది మీకు వెంటనే పనికివచ్చేది.

ఏ గుర్తింపు కోరినా వయస్సు రుజువు కావాలి. "మా తాతగారు పెట్టారు" అన్నది రుజువు కాదు. అటకెక్కి చిట్టా ఆవర్జాలు దింపండి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. పద్దులు రూపాయి, అణా, పైసల్లో ఉంటే ఆ పుస్తకం దాదాపు అంతకు ముందుదే, లేదా ఆ మార్పు జరిగిన ఒకటి రెండేళ్ల లోపుది. తెలంగాణలోని పాత కొట్లకైతే ఇంకా మంచి గుర్తులున్నాయి: పద్దు ఫసలీ (నిజాం కాలపు లెక్కల) సంవత్సరంలో ఉంటే 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది, హాలీ సిక్కాల్లో (నిజాం రూపాయల్లో) లెక్క ఉంటే, ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు మారకం. 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం కింద తీసుకున్న నమోదు పత్రం, 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద తీసుకున్నది, పాత కరెంటు బిల్లులు, పాత పత్రికల్లో వేసిన ప్రకటనలు, పెళ్లి శుభలేఖ మీద "ఫలానా కొట్టువారు" అని అచ్చయిన వాక్యం, ఇవన్నీ సాక్ష్యాలే. పుస్తకాలకు చెదలు పట్టి ఉంటే ఆకులు విడదీయవద్దు. నీడలో ఆరనిచ్చి, ఫొటోలు తీయించండి.

రెండవది అంత తీపి కాదు. నా కళ్ల ముందు మూతపడిన పాత కొట్లలో సగం ఇంటి యజమానుల వల్ల పోలేదు, పంపకాల వల్ల పోయాయి. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును మన రాష్ట్రం 1986 నాటి సవరణతోనే తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అది రావలసిన న్యాయమే. అసలు చిక్కు ఎక్కడంటే, కొట్టులో కూర్చున్న కొడుకు ముప్పై ఏళ్ల చాకిరీకి జీతం రాసుకోడు. పుస్తకంలో అదంతా కొట్టు లాభంగానే కనిపిస్తుంది. తండ్రి పోయాక ఐదుగురు వారసులు సమంగా పంచమన్నప్పుడు, చాకిరీకి లెక్క లేదు కాబట్టి, స్థలాన్ని అమ్మడమొక్కటే పంచే దారి అవుతుంది. తండ్రి బతికుండగానే వ్యాపారాన్ని స్థలం నుంచి విడదీసి, భాగస్వామ్య పత్రం రాసుకుని, పనిచేసేవారికి జీతం ఖర్చు కింద చూపడం మొదలుపెడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. నేను ఎన్ని ఇళ్లలో చెప్పానో లెక్కలేదు. "నాన్నగారు ఉండగా ఆ మాట ఎలా ఎత్తుతాం" అనేవారు. ఆయన పోయాక ఎత్తేది ప్లీడర్లు.

చిన్న విషయాంతరం, మన్నించండి. మద్రాసులో 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు గారు పెట్టిన ముద్రణాలయాన్ని ఆయన కుమారులు వేంకటేశ్వర శాస్త్రులు గారు తెలుగు, సంస్కృత గ్రంథాలకు నిలయంగా తీర్చిదిద్దారు. మన ఇళ్లలో ఉన్న పాత కావ్యాల అట్టలు తిప్పి చూడండి, ఆ పేరు కనిపిస్తుంది. అదీ కుటుంబ వ్యాపారమే. అది అమ్మింది కాగితాన్నా, మరొక దాన్నా అన్నది ఏ ఆవర్జాలోనూ పద్దు పడదు. ఇంతకన్నా దూరం పోను.

గల్లాపెట్టె:

అందరికీ కృతజ్ఞతలు. పూతరేకు గారి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలి. ఉన్నారు. ఆయన మా కొట్టుకు వచ్చి 31 ఏళ్లయింది. నేను విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ పండుగలకు వచ్చిపోయే కాలమంతా నాన్నగారి పక్కన నిలబడింది ఆయనే. మొదటి టపాలో నేను ఆయన మాట ఎత్తలేదు. రాసేటప్పుడు గుర్తుకు రాలేదు, అంతకన్నా సాకు చెప్పలేను. ఆ వాక్యం చదివిన తరువాత రెండు రోజులు ఈ వేదిక తెరవలేదు.

ముక్కుసూటి గారికి: గిరాకీ తగ్గింది గాని పోలేదు. కాన్పు అయిన ఇంటివారు వస్తారు, నాటు వైద్యులు చీటీలు పంపుతారు. కొట్టు ఖర్చులకు సరిపోతుంది. కొత్త అద్దెకు సరిపోదు. తయారుచేసిన పొడులు అమ్మితే మిగులుతుందని బంధువులు అంటున్నారు.

వకాల్తా:

ఆ పని చేసే ముందు ఆలోచించండి. చీటీ ప్రకారం విడి దినుసులు తూచి ఇవ్వడం ఒకటి, వాటిని నూరి, కలిపి, పొట్లాం కట్టి ఫలానా జబ్బుకు మందని అమ్మడం మరొకటి. ఆయుర్వేద ఔషధాలను అమ్మకానికి తయారుచేయాలంటే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. వైద్యులు, హకీములు తమ రోగులకోసం చేసుకునే మందులకే మినహాయింపు. కొట్టును కాపాడే తొందరలో కేసు తెచ్చుకోవద్దు.

ముక్కుసూటి:

నా ప్రశ్న కటువుగా ఉందని కొందరు సందేశాలు పంపారు. ఉపసంహరించుకోను గాని, నిన్న మా ఊళ్లో మూలికల కొట్టుకు వెళ్లి శొంఠి, అతిమధురం కొన్నాను. కొట్టాయన, "దగ్గు ఎవరికండీ, పిల్లలకా, పెద్దలకా" అని అడిగి, పిల్లలకని చెబితే అతిమధురం ముక్కల్లో లావుపాటివి తీసేసి సన్నవి వేశారు. యాప్‌లో ఆ ప్రశ్న రాదు. అంతవరకు ఒప్పుకుంటాను.

బే ఒడ్డు:

ఒక సూచన. ప్రభుత్వ పథకం కోసం ఎదురుచూడకుండా, రాజమహేంద్రవరంలో 50 ఏళ్లు దాటిన కొట్ల జాబితా మనమే తయారుచేయవచ్చు కదా. పోర్చుగల్‌లో 2017లో చారిత్రక దుకాణాలకు జాతీయ చట్టం వచ్చింది. అయితే అంతకు రెండేళ్ల ముందే, 2015లోనే, లిస్బన్ నగరం తన పాత దుకాణాలకు ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరి జాబితా ముందు నడిచింది, చట్టం వెనుక వచ్చింది. మన జాబితాలో యజమాని పేరుతోపాటు పనివారి పేర్లకు కూడా ఒక గడి ఉంచుదాం. పూతరేకు గారు దానిని చూస్తామంటే బాగుంటుంది.

పూతరేకు:

చూస్తాను. మొదటి గడి అదే ఉండాలి.

పాత మలిగీ:

జాబితాకు ఒక హెచ్చరిక. ఒకే పేరుతో, "అసలైనది మాదే" అన్న బోర్డులతో పక్కపక్కనే నాలుగు కొట్లు ఉంటాయి. అన్నదమ్ములు విడిపోయినవి కొన్ని, పేరు ఎత్తుకొచ్చినవి కొన్ని. ఎవరిది అసలన్న తగాదాలోకి జాబితా దిగితే మునుగుతుంది. పేరును కాక, అక్కడ జరుగుతున్న పనిని నమోదు చేయండి.

గల్లాపెట్టె:

మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. యజమానులతో మూడుసార్లు కూర్చున్నాము. కొత్త భవనంలో నేల అంతస్తులో, వెనుక సందు వైపు, పది అడుగుల వెడల్పు గది తొమ్మిదేళ్ల రిజిస్టర్డ్ లీజుకు ఇస్తామన్నారు. అద్దె ఇప్పటికన్నా మూడింతలు. నాన్నగారు, గుమాస్తా గారు, నేను ముగ్గురం భాగస్వాములుగా పత్రం రాసుకుంటున్నాము. ఆవర్జా గారు చెప్పినట్లు జీతాలు ఖర్చు కింద చూపుతాము. నాన్నగారు ఈ మాటకు ఒక పూట ఏమీ అనలేదు. సాయంత్రం గుమాస్తా గారిని పిలిచి, "నీ పేరు ఆధార్ కార్డులో ఎలా ఉందో చూపించు" అన్నారు.

చిక్కల్లా సొరుగుల చట్రంతో వచ్చింది. అది పద్నాలుగు అడుగులు, గది పది. వరుసకు నాలుగు చొప్పున 28 సొరుగులు కోయాలి. ఏవి ఉంచాలో నిర్ణయించడానికి మొన్న రాత్రి అన్నీ ఒక్కొక్కటిగా తెరిచాము. నాన్నగారు వాసన చూసి పేరు చెబుతుంటే గుమాస్తా గారి అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. అట్ట మీద అక్షరం లేని సొరుగు పై వరుసలో ఒకటి ఉంది. లోపల నల్లని ముడుతల దుంపలు నాలుగు. నాన్నగారికి కొన్నాళ్లుగా చూపు, వాసన రెండూ మందగించాయి. చెప్పలేకపోయారు. ఫొటో పెడుతున్నాను, మీలో ఎవరైనా గుర్తుపట్టగలరా? చేదుగా ఉందో లేదో కొరికి చూద్దామనుకుంటున్నాను.

ఆవర్జా:

దయచేసి నోట్లో పెట్టవద్దు. నేను వైద్యుణ్ణి కాను, కానీ నల్లని దుంపలంటే నాకు భయం. గుమాస్తా గారిని అడగండి.

గల్లాపెట్టె:

అడిగాను. ఫోనులోనే గట్టిగా అరిచారు. అది నాభి అనే విషపు దుంప అట. గోమూత్రంలో శుద్ధి చేయనిదే చిటికెడు కూడా ప్రాణం తీస్తుందట. పై వరుస కుడి కొసన పెట్టింది మా తాతగారే, పిల్లల చెయ్యి అందకూడదని. పేరు కూడా ఆయనే కావాలని చెరిపారట, తెలియనివారు చూసి అడగకూడదని. ఇరవై ఏళ్లుగా దానిని ఎవరికీ అమ్మలేదు, వైద్యుల చీటీ ఉన్నా అమ్మలేదు. ఈ సంగతి నాన్నగారు గుమాస్తా గారికి చెప్పారు, ఆయన గుర్తుపెట్టుకున్నారు, నాన్నగారు మరిచిపోయారు.

అమ్మాయి ఇప్పుడు కొత్త అట్ట రాస్తోంది. ఎర్ర సిరా తెమ్మని పంపింది.